టోపీ కింద బొట్టు

గరివిడిలో రైలుగేటు దాటి ఎడమకి తిరిగితే ఒక వరస లైనిళ్లు ఉంటాయి. ఆ వరసలో చివరి ఇంటిని చివరి ఇల్లని ఎవరూ అనరు. దుర్గ ఇల్లు అంటారు. దుర్గ పోయి ఏళ్లు గడిచినా అది ఆమె ఇల్లే.

చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఎవరూ సైకిల్ దిగరు. కబుర్లాడుకుంటూ వచ్చేవాళ్లు కూడా అక్కడికి రాగానే నోరు కట్టేసుకుంటారు. ఎందుకంటే... కిటికీ సందులోంచి చూస్తే లోపల ఎర్రగా కళ్లు కనిపిస్తాయట. రెండు కాదు — నాలుగు. ఒక్కోసారి ఆడగొంతు పాట కూడా వినిపిస్తుందట. అప్పటికి ఇంట్లో దీపం కూడా ఉండదు.

వరసలో మొదటి ఇల్లు లక్ష్మణమ్మది. ఆ కబురు చల్లారిపోకుండా ఎప్పటికప్పుడు ఎగదోసే బాధ్యత ఆవిడే తీసుకుంది. "పసుపు కుంకాలతో పోయిన మనిషి! ఊరికే పోతాదేటి? పేరంటాలయి ఇల్లు కాసుకుంటన్నాది" అని దారినపోయేవాళ్లని ఆపి మరీ చెప్పేది.

ఆ నాలుగు కళ్ల గుట్టు తెలిసిన మనిషి మాత్రం ఊళ్లో ఒకతి ఉంది. గౌరి. దుర్గ పోయాక ఆమె మొగుడు ఉమాశంకర్‌ని చేసుకున్న మనిషి.

అవి కళ్లూ కాదు, కాకరకాయలూ కాదు. వాల్వులు. పాతకాలం రేడియోల్లో ఎర్రగా వెలిగేవే, గాజు బుడ్లు. ఉమాశంకర్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పాడైన రేడియోల్లోంచి వాల్వులు ఏరి, ట్రాన్స్‌ఫార్మర్ తనే చుట్టుకుని, చెక్కపెట్టె మీద ఇనపరేకు బిగించి పాటని పెద్దగా వినిపించే ఆంప్ ఒకటి కట్టుకున్నాడు. దానికి ఫోను తగిలిస్తే పాట స్పీకర్లోంచి చిక్కగా, వెచ్చగా, ఎవరో పక్కన కూర్చుని పాడినట్టు వచ్చేది. లైటు ఆర్పుకుని వినడం అతనికి అలవాటు. ఊరు విన్న ఆడగొంతు అదే.

కాబట్టి దెయ్యమంటే గౌరికి భయం లేదు. దుర్గంటేనే భయం.

గౌరితో కాపురం గేటుకి ఇవతల, బజారు వైపు. డ్యూటీ దిగి వచ్చి, మొహం కడుక్కుని, టీ తాగి, "ఇప్పుడే వస్తాను" అని ఉమాశంకర్ గేటు దాటేవాడు. ఆ ఇప్పుడు ఎప్పటికో అయ్యేది. చేపలపులుసు వేడి చేసి, మళ్లీ వేడి చేసి, మూడోసారికి గౌరికి ఒళ్లు మండేది.

"ఆ పెట్టె ఇక్కడికే తెచ్చీకోవచ్చు గదా మావా?"

"అక్కడ ఎర్తు బాగుంటాది గౌరీ. ఇక్కడ పెడితే గుయ్యిమంటాది."

ఎర్తు కోసం పెళ్లాన్ని వదిలిపోయే మొగుణ్ని ఆమె అంతవరకూ ఎక్కడా వినలేదు.

పైగా ఒకనాడు ఇంట్లో ఫ్యాను బాగుచేస్తూ ఆమె చేతికి టార్చి ఇచ్చాడు. చెయ్యి కాస్త కదిలింది. "దుర్గయితే టార్చి కదలనిచ్చీది కాదు" అన్నాడు. అతను అనుకుని అన్న మాట కాదు. నోట్లోంచి జారిపోయింది, అతను మర్చిపోయాడు కూడా. గౌరి సముద్రపొడ్డు పిల్ల. ఆ మాట గొంతులో చేపముల్లులా అడ్డం పడి, ఎన్ని ముద్దలు మింగినా దిగలేదు. ఆ తర్వాత అతను మళ్లీ ఎప్పుడూ టార్చి పట్టమని అడగలేదు.

బతికున్న సవతయితే జుట్టు పట్టుకోవచ్చు. గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు కడిగెయ్యొచ్చు. బతికున్న మనిషికి వయసొస్తుంది, పన్ను ఊడుతుంది, ఎప్పుడో ఒకప్పుడు కూర మాడుతుంది. పోయిన సవతి మాత్రం జన్మలో కూర మాడ్చదు. టార్చి కదల్చదు. దుర్గతో పోటీకి దిగి గెలవడం ఎలాగో గౌరికి తెలియలేదు.

దసరా ముందు లక్ష్మణమ్మ బజారులో ఎదురైంది. ఆవిడ కళ్లకి కొబ్బరికాయల బేరం కన్నా గౌరి మొహమే ముందు కనబడింది.

"ఒసే గౌరీ... ముందున్న ఆయమ్మకి పసుపూ కుంకమా పెట్టావేటి ఎప్పుడైనా?"

"నానెందుకు పెడతాను?"

"ఓలమ్మా! రెండో పెళ్లాం కొత్త సీర కట్టినా, పండగొచ్చినా ముందు ఆయమ్మకి పెట్టాలే. ఎవులైనా సేసేదే. నువ్వు పెట్టకనే నీ మొగుణ్ని ఒదల్దు."

గౌరి ఆ రాత్రంతా ఆలోచించింది. పెట్టాలనే నిర్ణయించుకుంది. భక్తితో కాదు... ఆఫీసులో ఫైలు కదలడానికి బంట్రోతు చేతిలో పెడతామే, ఆ బుద్ధితో.

ఆయుధపూజ నాడు ఉమాశంకర్ ఫ్యాక్టరీ పూజకి వెళ్లాడు. గౌరి తాళంచెవి తీసుకుని చివరి ఇంటికి వెళ్లింది. లోపల దుర్గ ఫొటో అయినా లేదు. మరి బొట్టు ఎవరికి పెట్టాలి? బల్ల మీద పెట్టె. దాని మీద నాలుగు గాజు బుడ్లు. వాటి వెనక ఇంకొకటి ఉందట గానీ, దాని మీద ఇనప టోపీ వేసి స్క్రూలు బిగించాడు. ఒకసారి షాక్ కొట్టిందని.

ఈ ఇంట్లో ఆమె ఉంటే గింటే వీటిలోనే ఉండాలి.

గౌరి గిన్నెలో పసుపు కలిపింది. కాస్త జారుగా కలిపిందేమో — నాలుగు బుడ్లకీ పైనుంచి కిందిదాకా ధారాళంగా రాసింది. మీద కుంకం పెట్టింది. టోపీ కిందదాని జోలికి పోలేదు. "అక్కా... ఇది తీసుకో. తీసుకుని మావని ఇంటికి పంపీ" అంది. ఆమెని అక్కా అనడం అదే మొదలు. ఆ పిలుపు నోటికి చేదుగా తగిలింది.

తీరా బయటికి రాబోతూ తిరిగి చూస్తే, పచ్చగా ఎర్రగా వెలిగిపోతున్నాయి బుడ్లు. మావ చూస్తే? గబగబా కొంగుతో తుడిచేసింది. పెట్టిన బొట్టు పెట్టిన చేత్తోనే తుడవకూడదని అప్పుడు తట్టలేదు. పైన తుడిచింది సరే... బుడ్డి అడుగునున్న తీగకాళ్లు దిగే కన్నాల్లోకి కారిందేదో ఆమె కంటికి ఆనలేదు.

దసరా పోయిన కొద్దిరోజులకే హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడింది. చెట్లు కూలాయి, స్తంభాలు ఒరిగాయి, ఊరికి ఊరు చీకటి. ఇళ్లన్నీ చెమ్మపట్టి గోడలు కన్నీరు పెట్టాయి. జనమంతా కరెంటు కోసం దేవుళ్లకి మొక్కుకుంటుంటే, గౌరి మాత్రం రాకూడదని మొక్కుకుంది. ఎందుకంటే మావ ఇంట్లోనే ఉన్నాడు! కొవ్వొత్తి ముందు కూర్చుని, ఆమె వడ్డిస్తే వేడివేడిగా తిన్నాడు. సవతి లంచం పుచ్చుకుందని గౌరి మురిసిపోయింది.

కరెంటొచ్చింది. ఉమాశంకర్ గేటు దాటాడు. తిరిగొచ్చినప్పుడు అతని మొహం మొహంలా లేదు.

"ఏదో మోత వస్తన్నాది గౌరీ... ఒకపాలి వస్తాది, ఒకపాలి రాదు. గలగలమని... గాజుల్లాగ."

గౌరి చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇక చూడండి! పాట వినడానికి వెళ్లే మనిషి మోత వెతకడానికి వెళ్లడం మొదలుపెట్టాడు. గోరుచుట్టు మీద రోకలి పోటు. కెపాసిటర్లు మార్చాడు. అతుకులన్నీ మళ్లీ కరిగించి వేశాడు. ఎడమ వైపు వాల్వుని కుడికీ, కుడిదాన్ని ఎడమకీ మార్చాడు — మోత మాత్రం ఎడమనే కూర్చుంది. అంటే తప్పు వాల్వుది కాదు. మరి దేనిది? పెట్టె బాగా వేడెక్కితే మోత పోయేది. పోయిందని సంబరపడితే, మర్నాడు ముసురు పట్టగానే మళ్లీ గలగల.

"ఎతికితే దొరకదు, మానేస్తే పిలుస్తాది" అన్నాడు అన్నం కలుపుతూ. తినకుండానే లేచిపోయాడు.

మర్నాడు లక్ష్మణమ్మ పనిగట్టుకుని వచ్చి చెప్పింది. "రాత్రి నానూ విన్నానే. మట్టిగాజులు. దుర్గ ఎప్పుడూ మట్టిగాజులే ఏసీది."

అనుమానం పెనుభూతమంటారు. గౌరికి ఆ భూతం నిలువునా పట్టేసింది. నేనే పిలిచి బొట్టు పెట్టాను... నేనే ఆమెని లేపాను. లేచినామె ఊరుకుంటుందా? మొగుణ్ని రమ్మంటుంది!

ఆ సాయంత్రం సన్నగా జల్లు. అన్నాల వేళ దాటింది. ఉమాశంకర్ రాలేదు. గౌరి రెండు చీరలు సంచిలో పెట్టింది. ఇవాళ తేలిపోవాలి. మావ తనతో ఇంటికి రావాలి — లేదా పొద్దున్నే శ్రీకాకుళం బస్సెక్కి అమ్మ దగ్గరికి పోవాలి. చచ్చిన మనిషి వదిలిన ఎంగిలి కాపురం తనకి అక్కర్లేదు. సంచి గుమ్మం పక్కన పెట్టి బయల్దేరింది.

గేటు దాటింది. లైనిళ్లలో ఒక్కొక్క దీపమూ వెనకబడింది. చివరి ఇల్లు చీకటిగా ఉంది. కిటికీ సందులో — నాలుగు కళ్లు.

గౌరి ఆగింది. చెవి ఒగ్గింది. లోపల నిశ్శబ్దం...

గల... గలగల.

గాజులే. ముమ్మాటికీ గాజులే. చెయ్యి జాపి, వెనక్కి తీసుకుంటే మోగినట్టు.

తర్వాత మావ గొంతు. గుసగుసగా, బతిమాలుతున్నట్టు. ఆ గొంతుతో తనతో ఒక్కనాడు మాట్లాడి ఉంటే చాలు కదా అనిపించింది గౌరికి.

"ఎక్కడ నీ బాధ... సెప్పు... ఇక్కడా?... ఇక్కడా?"

గలగల.

గౌరి పళ్లు కొరికింది. భయం కాదది — ఉత్త కుళ్లు. గుమ్మం బండ మీద ఒక అడుగు వేసింది. లోపల గాజులు ఒక్కసారి గట్టిగా మోగాయి. ఆగింది. ఆగిపోయాయి. ఇంకో అడుగు — గలగల! ఆగితే... చప్పుడు లేదు.

గౌరి తన గాజులు మోచేతి దాకా ఎక్కించి, అరచేత్తో బిగించి పట్టుకుంది. మళ్లీ అడుగు వేసింది.

గలగలగల.

నేనొచ్చానని దానికి తెలిసిపోయింది!

తలుపు తోసేసింది.

లోపల ఉమాశంకర్ ఒక్కడే ఉన్నాడు. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో వెదురుపుల్లతో దాన్ని అక్కడా ఇక్కడా తడుతున్నాడు. తలెత్తి చూశాడు. చూసినవాడు "ఎందుకొచ్చావు" అనలేదు.

"ఒసే గౌరీ! అక్కడే ఆగు... ఆఁ, ఇప్పుడు నడు."

ఆమె నడిచింది. గలగల.

"ఆగు... నడు... ఆగు!" అతని మొహం పసిపిల్లాడి మొహమైపోయింది. "నీ అడుగుకి మోగతన్నాదే! నానొక్కణ్నే కూకుంటే మోగితే మోగతాది, లేపోతే లేదు. వాల్వు కాళ్ల దగ్గర తడున్నాది, నేల అదిరితే కదల్తన్నాది. నువ్వు రాకపోతే నాకు దొరికీది కాదు!" అంటూ స్విచ్ ఆపాడు. కాసేపు ఆగాడు. "ఆపినా లోన కరెంటు ఉంటాది, సెయ్యి పెట్టకు" అని, పక్కనున్నది తీసి ఆమెకి ఇచ్చాడు.

టార్చి.

"పట్టు."

గౌరి రెండు చేతులతోనూ పట్టుకుంది. అయినా వెలుగు వణికింది. అతనేమీ అనలేదు. గుడ్డతో పట్టి ఎడమవైపు వాల్వు పీకాడు. కన్నాల్లోకి వెలుగు పడింది. లోపల పచ్చగా, ఎర్రగా... గడ్డకట్టి ఉంది. సూదితో గీకి, వాసన చూశాడు.

"పసుపు..." ఆమె నుదురు వంక చూశాడు. "కుంకం..."

ఇక దాచి లాభం లేదు. "ఆయుధపూజ నాడు పెట్టీసినాను మావా. ఆయమ్మకి. నిన్ను ఒదిలీమని."

"ఎవుళికి? దుర్గకా?"

"మరి నువ్వు రోజూ ఆయమ్మ కోసమే గదా వస్తావు?"

ఉమాశంకర్ సూది కింద పెట్టాడు. అప్పుడు మెల్లగా అన్నాడు. "ఒసే... దుర్గ ఈ పెట్టె ఎరగదే. అది పోయాక నిద్దర పట్టక మొదలెట్టాను. సెయ్యికి పనుంటే గురుతు రాదని. తరవాత నువ్వొచ్చావు, నిద్దరొచ్చింది. పెట్టె మీద ఇష్టం మాత్రం పోలేదు, అంతే."

రెండేళ్లుగా గొంతులో ఉన్న చేపముల్లు దిగినట్టయింది గౌరికి. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. టార్చి మాత్రం వదల్లేదు.

స్పిరిట్‌లో ముంచిన దూదితో నాలుగు సాకెట్లూ కడిగి ఆరబెట్టాడు. వాల్వులు గుచ్చి స్విచ్ వేశాడు. నాలుగు కళ్లూ మెల్లగా ఎర్రబడ్డాయి. పాట పెట్టాడు. తేనెలా వచ్చింది. పెట్టె బాగా కాగేదాకా విన్నారు. గౌరి గది ఈ మూలనుంచి ఆ మూలకి నడిచింది. ఏ మోతా లేదు. అయిపోయిందనుకుని ఇద్దరూ లేవబోతుండగా —

గల.

ఒక్కసారే. రెండు స్పీకర్లలోనూ. ఇద్దరూ కదలకుండానే.

ఉమాశంకర్ కనుబొమలు ముడిచాడు. "రెండేపులా వచ్చిందంటే... రెండిటికీ కరెంటు ఇచ్చీది టోపీ కిందదే. ఆషాడంలో బిగించాను, అప్పట్నించి ఇప్పనేలేదు. దాన్లో ఏటుంటాది?"

స్విచ్ ఆపాడు. స్క్రూలు తుప్పు పట్టి ఉన్నాయి. నూనె వేసి, పళ్లు బిగించి, ఒక్కొక్కటే తిప్పాడు. గుడ్డతో టోపీ పట్టి ఎత్తి పక్కన పెట్టాడు. దూది కోసం కిటికీ గూటి వైపు తిరిగాడు.

గౌరి టార్చి వేసింది.

గాజు మీద, సరిగ్గా మధ్యన, పసుపు. గుండ్రంగా, అంచు చెదరకుండా. దాని నడుమ చింతగింజంత కుంకం బొట్టు. తను రాసినట్టు గజిబిజిగా కాదు — చేయి తిరిగిన ముత్తైదువ, ఉంగరంవేలితో పొందిగ్గా పెట్టిన బొట్టు.

తడిగా ఉంది... టార్చి వెలుగులో మెరుస్తోంది.

గౌరికి అరుపు గొంతుదాకా వచ్చింది. కానీ అరుపు కన్నా ముందు ఇంకోటి వచ్చింది. మావ చూస్తాడు. చూస్తే దుర్గ ఇక్కడే ఉందని తెలుస్తుంది. ఆయన కోసం బొట్టు పెట్టి కూర్చుందని తెలుస్తుంది. ఇప్పుడిప్పుడే నావాడైన మనిషి మళ్లీ ఈ గది వదిలి రాడు!

ఉంగరంవేలితో ఒక్క తుడుపు తుడిచేసింది. వేలు చురచుర కాలింది. నీటిబొట్టు పడితే చుయ్యిమని ఇగిరిపోయేంత వేడిగా ఉంది ఆ గాజు.

"ఏటయింది?" ఉమాశంకర్ గభాల్న తిరిగాడు. ఆమె వేలికి పచ్చగా, ఎర్రగా అంటుకుని ఉంది.

"దీనికీ పెట్టీసినాను మావా... మరిసిపోయాను."

అతను తుప్పు స్క్రూల వంక చూశాడు. ఆమె వంక చూశాడు. "టోపీ ఎలాగిప్పావే?"

"నీ స్క్రూడ్రైవరుతోనే."

"గట్టిదానివే" అన్నాడు ఉమాశంకర్. ఆమె వేలి మీద చల్లటి నీళ్లు పోశాడు.

ఆ రాత్రి గుమ్మం పక్కనున్న సంచి విప్పి గౌరి చీరలు మళ్లీ మడతపెట్టింది. ఆ వారమే ఆంప్ వాళ్లింటికి వచ్చేసింది. పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి కొత్త ఎర్తు వేశాడు. మోత మళ్లీ ఎప్పుడూ రాలేదు. రాత్రిళ్లు ఇద్దరూ లైటు ఆర్పుకుని పాటలు వినేవాళ్లు. చివరి ఇంట్లో కళ్లు ఆరిపోయాయి. లక్ష్మణమ్మకి చెప్పుకోవడానికి కబురు లేక నాలుక పీకింది.

గెలిచానన్న సంబరం గౌరికి ఏడాదిదాకా నిలిచింది. మరుసటి దసరాకి పేరంటానికి పిలవడానికి వెళ్లి, లక్ష్మణమ్మ కాళ్లకి పసుపు రాస్తూ, ఎందుకనిపించిందో, ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పేసింది. వేలి మీద కాలిన మచ్చ చూపించింది.

"ఆయమ్మ మావ కోసం పెట్టిన బొట్టు... తుడిసీసినాను" అంది. ఆ మాటలో ఇంకా కాస్త పొగరు ఉంది.

లక్ష్మణమ్మ ఎప్పట్లా నోరు నొక్కుకోలేదు. కుంకం తీసి ముందు గౌరి నుదుట పెట్టింది.

"ఒసే ఎర్రిదానా... నువ్వు నాకు పసుపు రాసినావు, నాను నీకు బొట్టు పెట్టినాను. పుచ్చుకున్న మనిసి తిరిగి పెట్టాల గదా? ఆయమ్మా అదే సేసినాది. మొగుడికి పసుపూ కుంకం ఎవులు పెడతారే?... అది నీ బొట్టు."

గౌరి తన ఉంగరంవేలి మచ్చ వంక చూసుకుంది.

ఇప్పటికీ ప్రతి దసరాకీ, ఉమాశంకర్ ఫ్యాక్టరీ పూజకి వెళ్లాక, ఆమె తలుపు గడియ వేసుకుంటుంది. పసుపూ కుంకం పళ్లెంలో పెట్టి ఆంప్ పక్కన ఉంచుతుంది. స్క్రూలు తనే విప్పుతుంది, ఇప్పుడు నిజంగానే వచ్చు ఆమెకి. టోపీ ఎత్తి, "అక్కా" అని పిలిచి, టార్చి వేస్తుంది. చెయ్యి కదలదు.

గాజు మీద ఏమీ ఉండదు. కాసేపు చూసి, ఉంగరంవేలి మచ్చని నుదుటికి ఆనించుకుని, టోపీ మళ్లీ బిగించేస్తుంది.